విశాఖ రాతి మడుగులకు వెళ్లే రోజును ఎవరు నిర్ణయిస్తారు?

విశాఖపట్నంలో కైలాసగిరి దిగువన తెన్నేటి పార్కు దగ్గర, జోడుగుళ్లపాలెం పక్కన, రుషికొండ దాటి భీమిలి రోడ్డు మీద వెళ్తే మంగమారిపేట సహజ శిలాతోరణం చుట్టుపక్కల, సముద్రం తగ్గిన వేళ ముదురు రంగు బండలు బయటపడతాయి. ఆ బండల గుంటల్లోనూ పగుళ్లలోనూ నీళ్లు నిలిచి ఏర్పడే చిన్న మడుగులనే టైడ్ పూల్స్ అంటారు. ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ వంటి స్థానిక బృందాలు సందర్శకులను వాటి దగ్గరకు తీసుకెళ్లి అక్కడి జీవులను చూపించే నడకలు నిర్వహిస్తున్నాయి. బీచికి వెళ్లి రావడమే కదా అనుకుని ఇలాంటి యాత్రకు సిద్ధమయ్యే వారికి తేదీల దగ్గరే అయోమయం మొదలవుతుంది. ఒక నెలలో తెల్లవారుజామున రమ్మన్న గైడు మరో నెలలో మధ్యాహ్నం భోజనాలయ్యాక రమ్మంటాడు. ఆదివారాన్ని వదిలేసి మంగళవారం పెడతాడు. వాన చినుకు లేకుండా ఆకాశం తేటగా ఉన్నా ముందు రోజు రాత్రి ఫోన్ చేసి మానుకోమంటాడు. పైకి ఇది నిర్వాహకుల ఇష్టారాజ్యంలా కనిపించినా, దీని వెనుక ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడిచే మూడు నాలుగు లెక్కలున్నాయి. ఈ యాత్రలో గైడుకు ఇచ్చే రుసుములో పెద్ద వాటా జీవుల పేర్లు చెప్పినందుకు కాక, సరైన రోజును ఎంచినందుకూ సరికాని రోజును మానిపించినందుకూ చెల్లుతుందని నా అభిప్రాయం.

ముందుగా ఈ బండలు ఇక్కడే ఎందుకు ఉన్నాయో చూడాలి. దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరంలో అత్యధిక భాగం ఇసుక, ఒండ్రుమట్టి, మడ అడవులు; గోదావరి, కృష్ణ, పెన్నా నదులు వేల ఏళ్లుగా మోసుకొచ్చిన మట్టితో కట్టిన తీరం అది. తూర్పు కనుమలు సముద్రంలోకి తొంగిచూసేంత దగ్గరకు వచ్చేది విశాఖ ప్రాంతంలోనే. డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండ, కైలాసగిరి ఆ కనుమల చివరి అంచులే. ఇక్కడి ప్రధాన శిల ఖొండలైట్. గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలున్న ఈ పరివర్తిత (వేడికీ ఒత్తిడికీ రూపు మారిన) శిలలో పొరలు, పగుళ్లు ఎక్కువ. అలలు ఆ పగుళ్లలోకి ఇసుకను, గులకరాళ్లను తోసి తిప్పుతూ మెత్తటి భాగాలను తొలిచేస్తాయి, గట్టి భాగాలు గోడల్లా మిగులుతాయి. అలా మిగిలిన గోడల మధ్య పల్లమే మడుగు. నదీ ముఖద్వారాల దగ్గర ఇలాంటి మడుగు ఉండదు, ఎందుకంటే అక్కడ పట్టుకుని బతకడానికి గట్టి ఆధారమే ఉండదు.

ఇక మొదటి లెక్క చంద్రుడిది. విశాఖ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి. భూమి ఒక చుట్టు తిరిగేలోగా చంద్రుడు తన కక్ష్యలో కొంత ముందుకు జరుగుతాడు కనుక, అదే స్థలం మళ్లీ చంద్రుడికి ఎదురుగా రావడానికి దాదాపు 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. ఆ కారణంగా ఒక ఆటుకూ తర్వాతి ఆటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది, ఈ రోజు మూడు గంటలకు వచ్చిన ఆటు రేపు నాలుగు కావస్తుండగా వస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రులు భూమితో ఒకే వరుసలోకి వచ్చి వాటి ఆకర్షణలు కలిసిపోతాయి కాబట్టి పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ రెండు ఆకర్షణలూ లంబంగా పనిచేసి ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకోవడం వల్ల నీరు పెద్దగా ఎక్కదు, పెద్దగా దిగదు. ఈ ప్రభావం కాస్త ఆలస్యంగా అందుతుంది కనుక అసలు పెద్ద ఆటు సాధారణంగా పౌర్ణమి లేదా అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకు వస్తుంది.

తిథి అంటే సూర్యచంద్రుల మధ్య కోణం పన్నెండు డిగ్రీల చొప్పున పెరగడమే కాబట్టి, మన ఇళ్లలోని పంచాంగం ఒక విధంగా ఆటుపోట్ల పట్టికకు దూరపు చుట్టం. ఒకే తీరంలో ఒకే తిథినాడు ఆటు దాదాపు ఒకే వేళకు వస్తుంది. విశాఖలో పౌర్ణమి, అమావాస్యలకు అది మధ్యాహ్నం దాటాకా, మళ్లీ అర్ధరాత్రి దాటాకా పడుతుంది. మరో రెండు మూడు రోజులకు సాయంత్రానికీ తెల్లవారుజాముకూ జరుగుతుంది. గైడు ఒకసారి మధ్యాహ్నమూ మరోసారి చీకటితోనూ రమ్మనడానికి కారణం ఇదే. నెలలో రెండు పక్షాలు, ఒక్కో పక్షంలో పనికొచ్చే నాలుగైదు రోజులు, ఆ రోజుల్లోనూ వెలుతురున్న వేళ వచ్చే ఒక్క ఆటు మాత్రమే లెక్కలోకి వస్తాయి. వాటితో ఆదివారం కలవడం యాదృచ్ఛికం. సెలవు చూసుకుని రైలు టికెట్లు కొనుక్కున్నాక గైడును వెతకడం వల్లనే చాలామంది నిరాశపడతారు. ముందు ఆటు పట్టిక చూసి తర్వాత సెలవు పెట్టుకోవలసిన యాత్ర ఇది.

ఆటు వేళ తెలిసినంత మాత్రాన చాలదు, అది ఎంత లోతుకు దిగుతుందో తెలియాలి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ప్రచురించే పట్టికల్లో ప్రతి ఆటుకూ పోటుకూ వేళతో పాటు మీటర్లలో ఒక అంకె ఉంటుంది. ఆ ఎత్తును కొలిచే ఆధార రేఖ సగటు సముద్ర మట్టం కాదు, నీరు సాధారణంగా దిగగల అతి తక్కువ మట్టానికి దగ్గరగా ఎంచుకున్న రేఖ. అందువల్ల 0.1 లేదా 0.2 అని ఉన్న రోజు బండలు దాదాపు పూర్తిగా తేలతాయని, 0.6 అని ఉన్న రోజు చూడదగ్గవన్నీ నీటి కిందే ఉండిపోతాయని అర్థం చేసుకోవాలి. విశాఖలో పెద్ద పోటుకూ పెద్ద ఆటుకూ మధ్య తేడా సుమారు 1.4 మీటర్లు మాత్రమే. ముంబయిలో ఇది నాలుగు మీటర్లు దాటుతుంది, గుజరాత్‌లోని భావనగర్ దగ్గర పది మీటర్లకు మించుతుంది. 1982లో ఏర్పాటైన కచ్ సింధుశాఖ మెరైన్ నేషనల్ పార్కులోని నరారాలో సముద్రం తగ్గినప్పుడు సందర్శకులు ఆరిన సముద్రపు నేల మీద చాలా దూరం నడుచుకుంటూ వెళ్లి చూసి వస్తారు. అక్కడ ఒక అడుగు అటూ ఇటూ అయినా యాత్ర చెడిపోదు. విశాఖలో బయటపడేది సన్నటి పట్టీ కనుక అదే ఒక్క అడుగు తేడా మొత్తం యాత్రను మింగేస్తుంది.

నీరు ఒకే వేగంతో దిగదన్న సంగతి కూడా ఇక్కడ ముఖ్యం. నావికులు వాడే మోటు లెక్క ప్రకారం, ఆరు గంటల్లో దిగే మొత్తాన్ని పన్నెండు భాగాలు చేస్తే తొలి గంటలో ఒక భాగం, తర్వాత వరుసగా రెండు, మూడు, మూడు, రెండు, చివరి గంటలో మళ్లీ ఒక భాగం దిగుతుంది. మొత్తం 1.2 మీటర్లు అనుకుంటే చివరి గంటలో దిగేది పది సెంటీమీటర్లే, తిరిగి మళ్లిన తొలి గంటలో ఎక్కేదీ అంతే. రెండో గంటలో ఇరవై, మూడో గంటలో ముప్పై. అంటే ఆటు వేళకు గంట ముందు, గంట తర్వాత కలిపి రెండు గంటల పాటు నీరు దాదాపు నిలిచినట్టే ఉండి, ఆ తర్వాత చూస్తుండగానే ఎక్కుతుంది. తొలి గంటలో ఏమీ కాలేదన్న ధీమాతో మరో ఫొటో తీసుకుందామని ఆగిన వారికి, దాటి వచ్చిన కాలువ తిరిగి వెళ్లేసరికి మోకాలి లోతు కావడం ఈ లెక్క వల్లనే.

రెండో లెక్క ఋతువులది. ఆటుపోట్లతో నిమిత్తం లేకుండా బంగాళాఖాతపు మట్టమే ఏడాదిలో ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతుంది. విశాఖ దగ్గర ఇది మార్చి ప్రాంతంలో అతి తక్కువగా, అక్టోబరు, నవంబరు నెలల్లో అతి ఎక్కువగా ఉంటుంది. ఈ రెంటి మధ్య తేడా కొన్ని పదుల సెంటీమీటర్లు. వేసవి తొలినాళ్లలో తీరం వెంట ప్రవాహం ఉత్తర దిశగా సాగుతూ పైనీటిని తీరానికి దూరంగా నెడుతుంది, దాని స్థానంలోకి అడుగు నుంచి చల్లని, బరువైన నీరు పైకి వస్తుంది. వర్షాకాలం తర్వాత ప్రవాహం దక్షిణానికి తిరిగి, నదులు తెచ్చిన తేలికైన మంచినీటితో కలిసి తీరాన్ని ఆనుకుని పేరుకుంటుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్, ఆయనతో కలిసి పనిచేసిన ఇక్కడి పరిశోధకులు ఈ తీరపు నీటి కదలికలను తొలిసారి క్రమపద్ధతిలో పరిశీలించారు. మొత్తం ఆటుపోట్ల వ్యత్యాసమే 1.4 మీటర్లయిన చోట కొన్ని పదుల సెంటీమీటర్లు చిన్న విషయం కాదు. కార్తీక పౌర్ణమి నాటి ఆటుకూ ఫాల్గుణ పౌర్ణమి నాటి ఆటుకూ చంద్రుడి లెక్క ఒకటే అయినా, రెండో దానికి కనిపించే బండలు మొదటి దానికి కనిపించకపోవడానికి కారణం ఇదే.

మూడోది అల, అసలు యాత్రలను రద్దు చేయించేది ఎక్కువగా ఇదే. ఆటుపోట్లను ఏడాది ముందే లెక్కగట్టవచ్చు గాని అలలను అలా లెక్కగట్టలేరు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో రేగిన తుపాను గాలులు పుట్టించిన పొడవాటి అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, గాలి లేని, ఎండ కాస్తున్న రోజున మన తీరాన్ని తాకుతాయి. ఇలాంటి అలల మధ్య వ్యవధి ఎక్కువ. చిన్నవి కొన్ని వచ్చి వెళ్లాక ఉన్నట్టుండి పెద్దవి రెండు మూడు వరుసగా వస్తాయి. అప్పటిదాకా పొడిగా ఉన్న బండ మీద నిలబడిన మనిషిని లాక్కుపోయేవి ఆ రెండు మూడే. ఈ అలల రాకను ముందుగా అంచనా వేసి హెచ్చరికలు ఇచ్చే సంస్థ ఇన్‌కాయిస్ 1999లో హైదరాబాద్‌లో ఏర్పడింది. సముద్రమే లేని తెలంగాణ నుంచి దేశపు తీరమంతటికీ సముద్ర సమాచారం వెళ్తుండడం చాలామందికి తెలియని సంగతి. మంచి గైడు ఆటు పట్టికతో పాటు ఈ హెచ్చరికలనూ చూసి, అవసరమైతే ముందు రోజు రాత్రే మానుకోమని చెబుతాడు. నైరుతి ఋతుపవనాల నెలల్లో సముద్రం ఎలాగూ అల్లకల్లోలంగా ఉంటుంది, అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది విశాఖ దగ్గరే. ఇవన్నీ తీసేస్తే డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా మిగిలే పక్షాలే నిక్కమైన యాత్రాకాలం.

ఇసుకను కూడా ఈ లెక్కలో చేర్చాలి గాని, దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నైరుతి కాలంలో అలలు ఇసుకను తీరం వెంట ఉత్తరానికీ, ఈశాన్య కాలంలో దక్షిణానికీ నడిపిస్తాయి. నిరుడు చూసిన మడుగు ఈ ఏడు ఇసుక కింద కప్పబడి ఉండవచ్చు, పక్కనే కొత్తది తేలి ఉండవచ్చు. పాత ఫొటో పట్టుకుని ఆ చోటే చూపించమని గైడును నిలదీయడం వల్ల లాభం లేదు.

సరైన రోజు దొరికాక యాత్ర ఎలా సాగుతుందో పై లెక్కలే నిర్దేశిస్తాయి. ఆటు వేళకు గంటన్నర ముందే ఒడ్డుకు చేరాలి. దిగుతున్న నీటి వెనుకే మెల్లగా ముందుకు వెళ్తూ, పై బండల్లో ఉన్నవాటిని ముందు చూసి, సముద్రానికి అతి దగ్గరగా ఉన్న మడుగుల దగ్గరకు ఆటు పూర్తిగా పడే వేళకు చేరాలి. నీరు మళ్లిందని గైడు చెప్పగానే వచ్చిన దారినే వెనక్కి రావాలి. మొత్తం మీద బండల మీద గడిపేది రెండు మూడు గంటలే, రోజులో మిగతా భాగానికి శిలాతోరణమో, దాని ఎదుటి తొట్లకొండ బౌద్ధారామమో, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలో సరిపోతాయి. కాళ్లకు మడమ దగ్గర గట్టిగా పట్టి ఉండే రబ్బరు అడుగు బూట్లు కావాలి. హవాయి చెప్పులు ఈ బండల మీద ప్రమాదకరం, ఉత్తకాళ్లు అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే బండలకు అతుక్కున్న బార్నకిల్స్, ఆల్చిప్పల అంచులు బ్లేడులా కోస్తాయి. పచ్చటి నాచు మీద కాలు పెట్టకూడదు, సముద్రానికి వీపు చూపించి నిలబడకూడదు.

బండల మీద పై నుంచి కిందికి నడుస్తుంటే జీవులు అంతస్తులుగా పంచుకుని ఉండడం కనిపిస్తుంది. అలల తుంపర మాత్రమే తగిలే పై బండల పగుళ్లలో వేలి గోరంత కూడా లేని నత్తలు గుంపులుగా ఉంటాయి. మూత బిగించుకుని గంటల తరబడి ఎండను తట్టుకుంటాయి. వాటి కింద బార్నకిల్స్. చిన్న అగ్నిపర్వతాల్లా కనిపించే ఈ జీవులు నత్తల బంధువులు కావు, పీతలు, రొయ్యల జాతివి. పిల్లదశలో ఈదుకుంటూ వచ్చి, తలను బండకు అతికించుకుని, చుట్టూ సున్నపు గోడ కట్టుకుని, నీరు వచ్చినప్పుడల్లా కాళ్లను ఈకల్లా బయటకు చాపి ఆహారాన్ని లోపలికి తోడుకుంటాయి. మధ్య బండల్లో టోపీ ఆకారపు చిప్ప ఉండే లింపెట్లు అనే నత్తలు, ఆల్చిప్పలు ఉంటాయి. లింపెట్లలో అనేక జాతులు నీరున్నప్పుడు నాచు మేయడానికి బయల్దేరి, ఆటుకు ముందే సరిగ్గా తమ చోటికే తిరిగి వస్తాయి, ఎందుకంటే ఆ చోట బండ వాటి చిప్ప అంచుకు తగ్గట్టు అరిగి ఉంటుంది. వేరే చోట పెడితే చిప్పకూ బండకూ మధ్య సందు మిగిలి ఒంట్లో తేమ ఆవిరైపోతుంది. సరదాకు ఒకదాన్ని ఊడదీసి పక్కన పెట్టడమంటే దాన్ని ఎండబెట్టడమే.

ఇంకా దిగువన, పెద్ద ఆటుకు మాత్రమే తేలే మడుగుల్లో అసలు సంపద ఉంటుంది. నీటిలో పువ్వులా విచ్చుకుని, ముట్టుకుంటే ముడుచుకుపోయే సీ అనిమొనీలు, బండలో గుంట తొలుచుకుని కూర్చునే నల్లముళ్ల సీ అర్చిన్లు, ఖాళీ నత్త గుల్లల్లో కాపురం చేసే పీతలు, సన్నటి చేతులను పగుళ్లలోంచి చాపే, నక్షత్ర చేపల బంధువులైన బ్రిటిల్ స్టార్లు, అదృష్టం బాగుంటే రంగు మార్చుకుంటూ రాయి కిందికి జారుకునే చిన్న ఆక్టోపస్ కనిపిస్తాయి. మొదటిసారి వెళ్లిన వారికి వీటిలో సగం కనిపించవు. కళ్లు మడుగు ఉపరితలపు మెరుపు దగ్గరే ఆగిపోతాయి. ఒకేచోట కదలకుండా చతికిలబడి, తన నీడ నీటి మీద పడకుండా కాసేపు చూస్తే తప్ప లోపలి కదలిక తెలియదు. గైడు చేసే ముఖ్యమైన పనుల్లో జనాన్ని అలా కూర్చోబెట్టడం ఒకటి.

ఇంత చిన్న నీటిలో బతకడం తేలిక కాదు. ఎండలో మడుగు వేడెక్కుతుంది, ఆవిరైన కొద్దీ ఉప్పదనం పెరుగుతుంది, వాన పడితే ఒక్కసారిగా తగ్గిపోతుంది. పగలు నాచు విడిచే ఆక్సిజన్ బుడగలుగా కంటికే కనిపిస్తుంది. రాత్రి ఆటుకు అదే నాచు, జంతువులు కలిసి ఆ ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. మడుగు ఎంత పైన, ఎంత లోతు తక్కువగా ఉంటే ఈ ఒడుదొడుకులు అంత తీవ్రం, కాబట్టి పై మడుగుల్లో కొన్ని జాతులే ఉంటాయి, కింది మడుగుల్లో అనేకం ఉంటాయి.

అయితే ఎండ, ఉప్పు మాత్రమే ఈ అంతస్తులను నిర్ణయించవు. జీవావరణ శాస్త్రవేత్త జోసెఫ్ కానెల్ స్కాట్లాండ్ తీరంలో రెండు బార్నకిల్ జాతుల మీద చేసిన ప్రయోగాల ఫలితాలను 1961లో ప్రచురించారు. పై అంతస్తు జాతికి కింద బతికే శక్తి ఉన్నా, అక్కడ వేగంగా పెరిగే మరో జాతి దాన్ని నొక్కి, పెళ్లగించి తరిమేస్తోందని తేలింది. తర్వాత అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మకా బే దగ్గర రాబర్ట్ పెయిన్ బండల మీది నక్షత్ర చేపలను ఏరి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చారు. వాటికి ఆహారమయ్యే ఆల్చిప్పలు అడ్డూఅదుపూ లేకుండా పెరిగి బండంతా ఆక్రమించగా, అంతకుముందు పదిహేను ఉన్న జాతులు ఎనిమిదికి తగ్గాయి. 1966లో వెలువడిన ఆ ఫలితాల మీదే, ఒక జాతి పోతే మొత్తం సముదాయమే కుదేలవుతుందన్న కీస్టోన్ జాతి భావన నిలబడింది. జీవావరణ శాస్త్రంలో ఇంత పెద్ద ఆలోచన, ఎవరైనా చెప్పులేసుకుని నడిచి చేరుకోగల బండల మీద పుట్టిందన్న మాట. చల్లని సముద్రాల లెక్కను యథాతథంగా విశాఖకు అన్వయించకూడదు గాని, ఏ జీవిని తీస్తే ఏది కూలుతుందో చూసేవారికి పైకి తెలియదన్న మాట మాత్రం ఇక్కడా వర్తిస్తుంది.

ముట్టుకోవద్దు, ఏరుకోవద్దు అన్న నియమాలు ఈ కోణంలో చూస్తే ఛాదస్తంలా అనిపించవు. రాయి తిప్పి చూస్తే తిరిగి అదే వైపుకు పెట్టాలి, లేకపోతే అడుగున నీడలో బతికేవి ఎండకూ, పైన వెలుతురులో బతికేవి చీకటికీ చస్తాయి. ఖాళీ గుల్ల కూడా పీతకు ఇల్లే. శంకువు ఆకారంలో అందమైన గీతలతో ఉండే కోన్ నత్తలను చేతిలోకి తీసుకుంటే మనకే ప్రమాదం. అవి విషపు ముల్లుతో గుచ్చుతాయి, కొన్ని జాతుల విషం మనుషుల ప్రాణాలు తీసింది. వీటికి తోడు చట్టం కూడా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి 2001లో పగడాలు, దోసకాయ ఆకారపు సీ కుకుంబర్లు, కొన్ని శంఖ, గవ్వ జాతులు వచ్చాయి. వాటిని ఏరడం, అమ్మడం నేరం. బీచి దుకాణాల్లో దొరుకుతున్నాయి కదా అన్నది చట్టం ముందు నిలిచే వాదన కాదు. ఆటుకూ పోటుకూ మధ్య ఉన్న ఈ పట్టీని 2019 తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ సీఆర్‌జెడ్-1బీగా వర్గీకరించి నిర్మాణాలకు కట్టడి పెట్టింది.

తీరంలో పుట్టి పెరిగిన మత్స్యకారులకు ఈ బండలు కొత్త కాదు. జాలరి, వాడబలిజ కుటుంబాల్లో ఏ బండ జారుతుందో, ఏ కాలువ ముందు నిండుతుందో పట్టిక లేకుండానే చెప్పగలిగిన వారున్నారు. ఆల్చిప్పలు కొట్టి ఇంటి వంటకు పట్టుకెళ్లడం కూడా ఇక్కడి జీవనంలో భాగమే. బృందాలను నడిపేవారు ఆ జ్ఞానాన్ని వాడుకుంటూ ఆ మనుషులను పక్కన పెడితే అది అన్యాయమని నేను అనుకుంటాను. కొన్ని ఆల్చిప్పలు తీసుకెళ్లే ఇల్లాలి కంటే, వారం వారం అరవై మందిని ఒకే బండ మీద నడిపించే నిర్వాహకుడు ఎక్కువ నష్టం చేయగలడు.

అందువల్ల బృందాన్ని ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు అడగవలసినవి వేరే ఉన్నాయి. ఆ రోజు ఆటు ఎన్ని గంటలకు, ఎన్ని మీటర్లు అని అడిగితే అంకె చెప్పగలగాలి. ఒక్కో గైడు వెంట ఎంతమంది ఉంటారో, అల పెరిగితే ఎవరి మాట చెల్లుతుందో, రద్దయితే డబ్బు సంగతి ఏమిటో ముందే చెప్పాలి. పిల్లల చేతికి జీవులనిచ్చి ఫొటోలు తీయిస్తామనే వారిని వదిలేయాలి. ఏ తేదీ అడిగినా సరేనని, నెలలో ముప్పై రోజులూ ఖాళీయేనని చెప్పేవారికి రుసుము ఎంత తక్కువైనా ఇవ్వకపోవడం మంచిది, ఎందుకంటే ఆ ముప్పైలో ఇరవైకి పైగా రోజులు ఆ బండలు నీటి కిందే ఉంటాయి, లేదా చీకట్లో మాత్రమే తేలతాయి.